గ్లౌజుల గురించి నమ్మకూడని సలహాలు

జీడిమెట్లలోనో పరవాడలోనో మందుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి షిఫ్టులోనే బోలెడు సలహాలు దొరుకుతాయి. చెప్పేవాళ్లు అతని మేలు కోరే చెబుతారు. అందుకే అవి మరీ ప్రమాదం.

"రబ్బరుకు చిల్లు లేకపోతే చాలు, ఏదీ లోపలికి దిగదు." పొరపాటంతా ఇక్కడే మొదలవుతుంది. గట్టిగా ముడేసిన బెలూన్ మర్నాటికి వాడిపోతుంది, ఎక్కడా చిల్లుండదు. కొన్ని ద్రవాలూ అంతే, రబ్బరులోకి ఇంకి అవతల తేలతాయి. పైకి మాత్రం గ్లౌజు చెక్కుచెదరదు. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ చేతి మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని పడ్డాయి. లేటెక్స్ గ్లౌజు వేసుకునే ఉన్నారామె. విషలోహాల మీద పరిశోధన చేసే మనిషి, అజాగ్రత్త మనిషి కాదు. నెలల తర్వాత నడక తూలింది, మాట తడబడింది. 1997 జూన్‌లో చనిపోయారు. ఆ ద్రవం అలాంటి గ్లౌజును సెకన్లలో దాటేస్తుందని తర్వాతి పరీక్షల్లో తేలింది.

"నీలం నైట్రైల్ వేసుకో, అన్నిటికీ అదే." నూనెకు, గ్రీజుకు, డీజిల్‌కు నైట్రైల్ మంచిదే. అసిటోన్ దగ్గర నిలవదు, దానికి బ్యూటైల్ కావాలి. ఆ బ్యూటైలే టోలీన్‌కు పనికిరాదు. పీవీఏ గ్లౌజు టోలీన్‌ను ఆపుతుంది, కానీ నీళ్లు తగిలితే పాడవుతుంది. ప్లాంటులో అందరూ ఎండీసీ అనే మిథిలీన్ డైక్లోరైడ్ పల్చటి నైట్రైల్‌ను నిమిషాల్లోనే దాటుతుంది. దానికి పొరలు పొరలుగా చేసిన లామినేట్ గ్లౌజు అడగండి. అన్నిటికీ సరిపోయే గ్లౌజు లేనే లేదు.

"కరెంటువాళ్ల గ్లౌజు మందంగా ఉంటుంది, అది తీసుకో." ఐఎస్ 4770 గ్లౌజు కరెంటును ఆపడానికి పరీక్షించింది, సాల్వెంటును కాదు. పైగా సాల్వెంటు తగిలి రబ్బరు దెబ్బతింటే రేపు దాన్ని వేసుకునే ఎలక్ట్రీషియన్ ప్రాణం మీదికొస్తుంది.

"చిరగలేదుగా, కడిగి రేపు వాడు." పైన కడిగినా లోపల ఇంకింది పోదు. రాత్రంతా లోపలివైపు జరుగుతూనే ఉంటుంది.

మరి ఏది నమ్మాలి? డ్రమ్ముతో వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో 8వ భాగం చదవండి, గ్లౌజు ఏ రకమో అక్కడ ఉండాలి. వట్టి "తగిన గ్లౌజులు" అని రాసి ఉంటే సూపర్‌వైజరును నిలదీయండి. గ్లౌజు మీద ఐఎస్‌ఓ 374 గుర్తు కింద అక్షరాలుంటాయి: బి అంటే అసిటోన్, డి అంటే ఎండీసీ, ఎఫ్ అంటే టోలీన్. మీ రసాయనం అక్షరం లేకపోతే, అది దాటడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో తయారీదారు పట్టికలో చూపించమని స్టోర్‌వాళ్లను అడగండి. ఆ నిమిషాలు లేబొరేటరీ లెక్క. వేడి రియాక్టర్ దగ్గర అంతసేపు ఆగదు, ముందే మార్చేయండి.