తొట్టాయన

పాలకీడు చుట్టుపక్కల వేడికి కరువు లేదు. మహంకాళిగూడెం దిక్కు సిమెంటు బట్టీలో సున్నపురాయి 1450 డిగ్రీల దాకా కాగి క్లింకర్ అవుతుంది. మూసీ దాటి దామరచర్ల మండలంలోకి పోతే, వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల లెక్కన కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. మిర్యాలగూడ మిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడుకుతూనే ఉంటాయి. మే నెల మధ్యాహ్నమైతే ఏ యంత్రమూ అక్కర్లేదు, డాబా మీది సింటెక్స్ ట్యాంకు నల్లా తిప్పితే చాలు, చెయ్యి చుర్రుమంటుంది. ఇంత కాక నడుమ కాపురముండి, వాకిట్లో తొట్టెడు నీళ్ళను 39 డిగ్రీలకు తేలేక మూడు చలికాలాలుగా కిందామీదా పడుతున్న మనిషి ఒకడున్నాడు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ ఎటు పోయినా ఊరికొకడు చొప్పున తయారవుతున్నాడు. ఇతన్ని తొట్టాయన అందాం.

తొట్టాయన పుట్టుకకు కారణం వెతికితే సాగర్ ఎడమ కాలువ దగ్గర తేలుతుంది. 1967లో ఆ కాలువకు నీళ్ళు వదిలాక మెట్ట పొలం మాగాణి అయింది, మాగాణి డాబా అయింది, డాబా కొడుకు చదువు అయింది, చదువు డాలస్‌లో ఇల్లు అయింది. ఆ ఇంటి పెరట్లో పొగలు కక్కే నీళ్ళ తొట్టి ఒకటుంది. కొడుకు మెడదాకా అందులో మునిగి వీడియో కాల్ చేస్తాడు. చుట్టూ మంచు, మధ్యలో కొడుకు తలకాయ. ఆ కాల్ ముగిసేసరికి తండ్రి మనసులో మేస్త్రీని పిలిచేసి ఉంటాడు. నెల తిరక్కుండా జాలారు పక్కన ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, నీలం టైల్స్‌తో తొట్టి లేస్తుంది. అడుగున్నర పైచిలుకు నీళ్ళు పెడితే 1200 లీటర్లు. ఇంతవరకు ఖర్చుకు వెనకాడలేదు, ఆలోచనకు ఆగలేదు. ఆలోచన మొదలయ్యేది తొట్టి కట్టడం అయిపోయాకనే: ఈ నీళ్ళను వేడి చేసేదెట్లా?

ఇక్కణ్ణించి ఆయన రైతు కాడు, తండ్రి కాడు, ఒక విచారణ సంఘం. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. కరెంటు పనివాడు ఫ్యాను బిగించడానికి నిచ్చెన ఎక్కితే కింద నిలబడి, “అన్నా, గీజరు పెడితే ఎన్ని యూనిట్లు కాల్తది?” అంటాడు. గ్యాస్ బండి ఆగితే దాని పక్కన ఆగుతాడు. మిల్లు గుమాస్తా దగ్గర ఊక ధర రాసుకుంటాడు. పెళ్ళి బంతిలో పప్పు వడ్డించే లోపల పక్క విస్తరి ఆయనతో, “హీట్ పంపంటే ఏందో ఎరికేనా బావా?” అని మొదలుపెట్టి పెరుగన్నం దాకా వదలడు. అందరినీ అడుగుతాడు, అందరి మాటా రాసుకుంటాడు, ఎవరి మాటా వినడు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. అతని నోటుబుక్కులో ఉన్న పద్ధతులన్నీ మంచివే, అతని ప్రశ్నే తప్పు. ఆ తొట్టికి కావలసింది పొయ్యి కాదు, మూత.

ఉత్త మాట అనుకోకుండా లెక్క చూద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచాలంటే ఒక కిలోకేలరీ కావాలి. చలికాలం తెల్లవారుజామున బోరు నీళ్ళు గోరువెచ్చగానే వస్తాయి, 27 డిగ్రీలు అనుకుందాం. అక్కణ్ణించి 39కి 12 డిగ్రీలు. 1200 లీటర్లకు 14,400 కిలోకేలరీలు. కరెంటు యూనిట్‌కు 860 చొప్పున చూస్తే దాదాపు 17 యూనిట్లు. తొట్టాయన మొదటి ధైర్యం గృహజ్యోతి. 2024 నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. (ఆ పథకానికి కావలసిన తెల్లకార్డు ఈయనకెట్లా వచ్చిందని ఎవరూ అడగరు, మనమూ అడగొద్దు.) అయితే 17ను 12తో గుణిస్తే 204. అంటే ఇంట్లో ఫ్యాను తిరగకుండా, ఫ్రిజ్ ఆడకుండా, చీకట్లో కూర్చున్నా పన్నెండో మునకకు ఉచితం మునుగుతుంది. గ్యాస్ సంగతి చూస్తే 14.2 కిలోల సిలిండరులో లక్షన్నర కిలోకేలరీల పైనే ఉంటాయి. గాలికి పోయేది పోగా ఏడు తొట్లు కాగుతాయి, ఎనిమిదో నాడు వంటింట్లో పొయ్యి వెలగదు. సోలార్ అంటే ఏడు చదరపు మీటర్ల పలకలు డాబా మీద పరవాలి. పరిచినా అది వేడినిచ్చేది మధ్యాహ్నం, ఆయన దిగేది రాత్రి ఎనిమిదింటికి. హీట్ పంప్ నిజంగానే తెలివైన యంత్రం. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళకు ఎక్కిస్తుంది కాబట్టి 17 యూనిట్ల పని నాలుగైదు యూనిట్లతో ముగిస్తుంది. కాకపోతే పాడిగేదె ధరకు తక్కువ రాదు, ఏడాదికి నలభై రాత్రులు మాత్రమే పాలిస్తుంది. పొలంలో మోటరు కరెంటు ఎటూ ఉచితమే కదా, స్టార్టరు నుంచి ఒక వైరు లాగితే అని కూడా తొట్టాయన ఒక రాత్రి అనుకుంటాడు. అది నీళ్ళు తోడే కరెంటు, కాచేది కాదు. ఆ సంగతి తెలిసినవాడే కనుక ఆ పేజీ మాత్రం చింపేస్తాడు.

అన్నిటికన్నా ఊళ్ళో దొరికేది కట్టె, ఊక. సర్కారు తుమ్మ కట్టెలో వేడి మూడింట రెండు పాళ్ళు పొగతో పోయినా, పన్నెండు కిలోలు కాలిస్తే తొట్టి కాగుతుంది. ఊకైతే పదిహేను కిలోలు. వడ్ల బరువులో అయిదో వంతు ఊకే కాబట్టి, పాత లెక్క 75 కిలోల బస్తా వడ్లు ఆడిస్తే వచ్చే ఊక ఒక రాత్రి స్నానానికి సరిపోతుంది. మిర్యాలగూడ మిల్లు తన బాయిలర్‌కు ఊకనే వేసుకుని, ఆ ఆవిరితోనే వడ్లు ఉడికిస్తుంది. నోటుబుక్కు ముందర పెట్టుకుని ఏళ్ళకేళ్ళు కూర్చోదు. మరి తొట్టాయన ఎందుకు ఓడిపోతున్నాడు? ఒక చలికాలం కట్టె పెట్టాడు, ఒక చలికాలం గీజరు పెట్టాడు, రెండుసార్లూ నీళ్ళు గోరువెచ్చ దాటలేదు. ప్రతిసారీ నేరం పొయ్యి మీదికే పోయింది.

నేరం ఆవిరిది. ఒక్క లీటరు నీరు ఆవిరై పోతూ తనతో దాదాపు 575 కిలోకేలరీలు మూటగట్టుకుని పోతుంది. అంటే చెంబెడు నీళ్ళు గాలిలో కలిస్తే, మిగిలిన 1200 లీటర్లూ అరడిగ్రీ చల్లబడతాయి. మూత లేని తొట్టి, కాగిన నీళ్ళు, డిసెంబరు రాత్రి, పైనించి కాస్త గాలి. గంటకు రెండు లీటర్లు లేచిపోయాయనుకోండి, గంటకో డిగ్రీ పోయినట్టే. ఇదే లెక్కను గీజరు వైపు నుంచి చూస్తే ఇంకా నవ్వొస్తుంది. రెండు కిలోవాట్ల గీజరు గంటకు పోసే వేడి 1720 కిలోకేలరీలు. అందులో 1150 ఆవిరే తాగేస్తుంది. మూడింట రెండు పాళ్ళు కరెంటు పాలకీడు ఆకాశాన్ని కాచడానికి ఖర్చవుతుంటే, మిగిలిన పాలుతో తొట్టి ఏం కాగుతుంది? కొడుకు వీడియోలో చూసి మురిసిన పొగ, నోటుబుక్కు భాషలో చెప్పాలంటే, యూనిట్లు పారిపోతున్న దృశ్యం. ఆ కొడుకు తొట్టికీ మందపాటి మూత ఉంది. కాల్ చేసేముందు తీసి పక్కన పెడతాడు కనుక తండ్రికి కనబడలేదు.

మూత అనేది మన దగ్గర కొత్త సంగతేమీ కాదని ఎవరైనా అంటారు. నిజమే, అదే నా ఫిర్యాదు కూడా. ఇదే వాకిట్లో, ఇదే జాలారు పక్కన, ఒక తరం కింద మూడు రాళ్ళ మీద రాగి కాగు ఉండేది. కాగు మీద పళ్ళెం, పళ్ళెం మీద బరువుకు ఓ రాయి. నీళ్ళు కాగినాయో లేదో ముసలమ్మ పళ్ళెం అంచు ఎత్తి, ముఖానికి ఆవిరి కొట్టగానే మళ్ళీ మూసేది. ఆమెకు కిలోకేలరీ తెలియదు, కట్టె మోసుకొచ్చేది తనే కాబట్టి మూత విలువ తెలుసు. జపాన్‌లో ఇంటిల్లిపాదీ ఒకే తొట్టి నీళ్ళలో వరసగా దిగుతారు. ఒంటిని బయటే రుద్ది కడుక్కుని వస్తారు, ఒకరు లేచి ఇంకొకరు దిగే లోపల తొట్టికి మూత వేస్తారు. ఐసు గడ్డలు అమ్మేవాళ్ళు వాటిని ఊకలో కప్పిపెట్టడం మన బజార్లలోనే చూశాం. గడ్డను కరగనివ్వని ఊకే తొట్టి గోడల చుట్టూ, అడుగునా దట్టిస్తే నీళ్ళను చల్లారనివ్వదు. ఊకను మండిస్తే ఒక్క రాత్రి పనికొస్తుంది, తడవకుండా గోడలో దట్టిస్తే చలికాలమంతా పనికొస్తుంది. ఇంత చవక జ్ఞానం చుట్టూ ఉండగా తొట్టాయన నోటుబుక్కులో మూతకు ఒక గీతైనా ఎందుకు లేదు?

మతిమరుపు అంటే నేనొప్పుకోను. ఆయన మతిమంతుడే. పొలంలో యూరియా బస్తా తడిస్తే ఎంత పోతుందో గడపలో నిలబడి చెప్పగలడు. అసలు సంగతి, హీట్ పంప్ చుట్టాలకు చూపించవచ్చు, మూత చూపించలేడు. “ఇది జపాన్‌ది బావా, బటన్ నొక్కితే చాలు” అనే మాటలో ఉన్న బరువు “ఇది మూత బావా” అనే మాటలో లేదు. పైగా మూత వేస్తే పొగ కనబడదు, పొగ కనబడకపోతే గోడ అవతల పోయేవాడికి తొట్టి ఉన్నట్టే తెలియదు. తొట్టాయన కొనదలచింది వేడి కాదు, పొగ. ఇంకో సంగతి ఇంతకన్నా గట్టిది. నోటుబుక్కులో యూనిట్లకు గడి ఉంది, కిలోలకు గడి ఉంది, పొయ్యి ఎగేసేదెవరన్న దానికి గడి లేదు. కట్టె పెట్టిన చలికాలం ఆయన బనీను మీద కుర్చీలో కూర్చుని వేలు ముంచి చూస్తుంటే, “ఏందయ్యా, ఇంకెన్ని కట్టెలు పెట్టాలె?” అన్న గొంతు పొగలోంచి వచ్చేది. మూత వల్ల మిగిలేది ఆ గొంతు శ్రమ. తన పని మిగిలేదైతే మొదటి రోజే మూత చేయించేవాడు.

ఆయన తరఫున వాదించేవాళ్ళూ ఉంటారు, ఉండాలి కూడా. వేసవిలో 45 డిగ్రీలు కాసే సీమలో వేడినీళ్ళ తొట్టి ఏమిటి, డబ్బు కొవ్వు కాకపోతే అని ఊరు నవ్వుతుంది. ఆ నవ్వు నాకు నచ్చదు. మే నెల ఎండ డిసెంబరు తెల్లవారుజామున అప్పు ఇవ్వదు. యాసంగి నారు పోసేవాడికీ, మోకాటి లోతు చల్లటి బురదలో నాట్లు వేసే ఆడవాళ్ళకూ ఇంటికొచ్చాక వేడినీళ్ళు విలాసం కాదు. యాభై దాటిన మోకాళ్ళకు పావుగంట మెడదాకా నీళ్ళు ఎంత హాయో నేనేమీ తక్కువ చెయ్యను. అయితే నాటు వేసినామె ఇంటి దగ్గర ఒక్క కాగు మూతేసి కాచుకుని ఒళ్ళు కడుక్కుంటుంది, తొట్టాయన దగ్గర మాత్రం విచారణ నడుస్తుంటుంది. మూత ఒక్కదానితో నీళ్ళు కాగుతాయా అని ఇంకొకరు అడ్డొస్తారు. కాగవు. కాగినవి నిలుస్తాయి. మూత ఉన్న తొట్టికి ఏ పొయ్యి అయినా సరిపోతుంది, కాబట్టి చవకది చూసుకోవచ్చు. నలభై రాత్రుల ముచ్చటకు నా ఓటు కట్టెకే, అదీ పొగ గొట్టం పైకి లేపి, ఎగేసే పని తొట్టాయనకే అప్పజెప్పాక. 40 డిగ్రీలు దాటనివ్వొద్దు, బీపీ ఉన్న పెద్దమనుషులు ఎక్కువసేపు నానొద్దు. మిగతాదంతా నోటుబుక్కు రాసినంత చిక్కు కాదు.

ఈలోగా తొట్టి ఊరికే ఉండదు. యాసంగి దగ్గర పడగానే ఇంటామె విత్తనపు వడ్ల సంచులు తెచ్చి నీలం టైల్స్ మధ్య నానేస్తుంది, అంత పెద్ద గాబు ఇంకెక్కడ దొరుకుతుంది మరి. రోజంతా నానాక నీళ్ళు వదిలేసి, సంచులను అక్కడే వరసగా పేర్చి మండె కడుతుంది. చలికి మొలక ఆలస్యం కాకుండా మీద గోనె పట్టాలు, పట్టాల మీద వరిగడ్డి, అంచులకు రాళ్ళు. మర్నాడు పొద్దున తొట్టాయన నోటుబుక్కు పట్టుకుని వచ్చి, గడ్డి పక్కకు జరిపి, గోనె కింద చెయ్యి పెడతాడు. గింజలు ముక్కు పగిలి తెల్లగా ఉంటాయి. చెయ్యి అక్కడే ఉంచి ఇంట్లోకి కేకేస్తాడు: “ఏమే, ఇది ఇంత వెచ్చగున్నదేందే? ఏం పెట్టినవ్ దీని కింద?”