చీరల గ్రూపు సందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సరుకును తాను తయారు చేయకుండా, చాలాసార్లు కొని ఇంట్లో పెట్టుకోకుండా కూడా, ఒకరి దగ్గరున్న చీర బొమ్మను మరొకరికి చూపి, మధ్యలో కొంత కలుపుకొని అమ్మే పద్ధతికి రీసెల్లింగ్ అని పేరు. ఇంటిపనికీ ఉద్యోగానికీ మధ్య దొరికిన వేళల్లో తెలుగునాట ఎందరో స్త్రీలు సాగిస్తున్న ఈ వ్యాపారం ఒక శాస్త్రమంతగా విస్తరించినా, దాని మూలగ్రంథమైన వాట్సాప్ సందేశానికి ఇంతవరకు సరైన వ్యాఖ్య లేకపోవడం విద్వల్లోకానికి లోటే. ఈ సందేశాన్ని మొదట ఎవరు రాశారో చెప్పలేము. చేతులు మారుతూ వచ్చిన ప్రతి ప్రతిలోనూ 'ఫార్వర్డ్' అనే ముద్ర మాత్రమే మిగిలింది కనుక దీన్ని అపౌరుషేయమని నిర్ణయించవచ్చు. రాసేవారూ చదివేవారూ ఎక్కువగా స్త్రీలే కాబట్టి ఆ మాటకున్న రెండో అర్థం కూడా ఇక్కడ చక్కగా పొసగుతుంది.

మబ్బు చేత పంపిన సందేశానికి వ్యాఖ్య రాసిన మెదక్ సీమ పండితుడు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ నియమం పెట్టుకొన్నాడు. ఫోను చేత పంపే సందేశానికి రాస్తున్న ఈ వ్యాఖ్య కూడా ఆ నియమాన్ని పాటిస్తుంది గాని, చివర ఒక్కచోట, మూలంలో లేని ఒక్క మాట కోసం తప్పుతుంది.

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయాన్ని, అంటే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని, చెప్పడం ఆచారం. ఇక్కడ విషయం చీర; ప్రయోజనం చీరకు నూరో రెండు నూర్లో మిగలడం; సంబంధం ఫోను నంబరు. అధికారి, అనగా ఈ శాస్త్రానికి అర్హురాలు, ఎవరంటే: స్టోరేజీ నిండిన ఫోనూ, పిల్లలు బడికి వెళ్లాక దొరికే రెండు గంటలూ, "రేపు చెప్తా" అన్న మాటను పదిసార్లు విన్నా చెదరని శాంతమూ కలిగిన ఇల్లాలు.

మూలం

హాయ్ సిస్టర్స్, న్యూ కలెక్షన్. ప్యూర్ లాంటి సాఫ్ట్ సిల్క్, కంచి బోర్డర్, రిచ్ పల్లూ, రన్నింగ్ బ్లౌజ్. ప్రైస్ ఓన్లీ 1,250 ఫ్రీ షిప్పింగ్. సింగిల్స్ అవైలబుల్. సీవోడీ లేదు. ఓపెనింగ్ వీడియో మస్ట్. నో రిటర్న్ నో ఎక్స్‌ఛేంజ్. రీసెల్లర్స్ మోస్ట్ వెల్‌కమ్.

ప్రతిపదార్థం

హాయ్ సిస్టర్స్ = ఓ సోదరీమణులారా; న్యూ కలెక్షన్ = నిన్న వేరొక గ్రూపులో కనిపించినట్టి; ప్యూర్ లాంటి = పట్టు కానట్టి; సాఫ్ట్ సిల్క్ = మెత్తనైన; కంచి బోర్డర్ = కంచిని తలపించు అంచు గలట్టి; రిచ్ పల్లూ = నిండైన కొంగు గలట్టి; రన్నింగ్ బ్లౌజ్ = చీరలోనే కలిసి వచ్చు రవికె గుడ్డ గలట్టి చీర; ఓన్లీ 1,250 = పన్నెండు వందల యాభై రూపాయలకే (లభించును అని శేషం); ఫ్రీ షిప్పింగ్ = కొరియర్ ఖర్చు ధరలోనే కలిసినది.

టీక

'సిస్టర్స్' సంబోధన ప్రథమ. 'డియర్స్' అని పాఠాంతరం ఉంది గాని సోదరీ వాచకమే సంప్రదాయ సమ్మతం. అక్క అని పిలిచిన తరువాత బేరం ఆడడానికి నోరు రాదు, చెల్లెలని పిలిచిన తరువాత డబ్బు గట్టిగా అడగడానికీ నోరు రాదు. ఈ ఒక్క పిలుపు లాభాన్నీ బాకీనీ ఒకేసారి పుట్టిస్తుందని గ్రహించాలి. ఈ పిలుపు ఎంతదూరం వినిపిస్తుందన్న ప్రశ్నకు వాట్సాపే హద్దు గీసింది: గ్రూపులో 1,024 మందికి మించరు, బ్రాడ్‌కాస్ట్ జాబితా, అంటే ఒకేసారి విడివిడిగా పలువురికి పంపే పద్ధతి, 256 మందితో ఆగుతుంది. అందులోనూ అమ్మే ఆమె నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే సందేశం చేరుతుంది. కాబట్టి ఈ వ్యాపారపు అసలు మూలధనం చీరలు కావు, తన పేరును తమ ఫోనులో ఉంచుకొన్న మనుషులు.

'ప్యూర్ లాంటి' అన్నది ఉపమ. 'లాంటి' అనే వాచకం ఉన్నంతవరకు దోషం లేదు. కాని సందేశం మూడు నాలుగు చేతులు మారేసరికి ఆ వాచకం లోపించి 'ప్యూర్' ఒక్కటే మిగులుతుంది, ఉపమ కాస్తా రూపకమవుతుంది, పోలిక కాస్తా అబద్ధమవుతుంది. 'ఆర్ట్ సిల్క్' అన్న పాఠం ఉన్నచోట శ్లేష: ఆర్ట్ అంటే కళ అని కొనేవారి అర్థం, ఆర్టిఫిషియల్ అనే మాటకు కుదింపు అని వస్త్ర వ్యాపారుల అర్థం, అది పట్టుపురుగు ఎరుగని కృత్రిమ పోగు.

'కంచి బోర్డర్', 'పోచంపల్లి ప్రింట్' వంటి మాటల్లో ఊరి పేరు విశేషణంగా మాత్రమే ఉంటుంది, ఊరు ఉండదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ సీమలో ఆ పద్ధతిలో తయారైన సరుకుకే ఆ పేరు చెల్లాలన్న చట్ట రక్షణ, లభించింది. ఇక్కత్‌లో నూలును ముందే కట్టి, రంగుల్లో ముంచి, ఆ తరువాత నేస్తారు కాబట్టి బొమ్మ గుడ్డకు రెండు వైపులా కనిపిస్తుంది. అచ్చు వేసిన దానిలో వెనుక వైపు సాధారణంగా వెలవెలబోతుంది. చీరను తిరగేసి చూడడమే ఇక్కడ నిఘంటువు.

'రన్నింగ్ బ్లౌజ్' అనగా విడిగా కాక చీర చివరనే వచ్చే రవికె గుడ్డ. అయిదున్నర మీటర్ల చీరకు 80 సెంటీమీటర్లు కలిసి 6.3 మీటర్లు కావడం వాడుక. దీనికి పరుగుతో ఏ సంబంధమూ లేదు. పరుగు అమ్మే ఆమెది.

'సింగిల్స్' అనగా ఒక్కొక్క చీరను విడిగా ఇస్తామని. సూరత్ వంటి టోకు కేంద్రాల్లో చీరలు రంగుల సెట్లుగా అమ్ముడవుతాయి. ఒకే డిజైనులో ఆరో ఎనిమిదో రంగులు కలిపి కొనాలి. ఆ సెట్టును విప్పి ఒక్కటి ఇచ్చేవారు ఎవరో ఒకరు మధ్యలో ఉండాలి, నచ్చిన రంగు పోగా మిగిలిన ముదురు గోధుమరంగు చీర వారి బీరువాలో ఉండాలి. 'సింగిల్స్' అన్న చిన్న మాట వెనుక ఆ బీరువా ఉంది.

'సీవోడీ లేదు' అన్నది నిషేధ వాక్యం. సీవోడీ అనగా సరుకు చేతికి అందాక డబ్బు ఇవ్వడం. కొనే ఆమె తలుపు దగ్గర వద్దంటే ఆ పొట్లం వెనక్కి వస్తుంది. దీన్ని వ్యాపార పరిభాషలో ఆర్‌టీఓ అంటారు, రవాణా శాఖ కార్యాలయమని భ్రమించరాదు. రెండు వైపుల కొరియర్ ఖర్చూ అమ్మే ఆమె మీదే పడుతుంది కాబట్టి నిషేధం సహేతుకం. 2016లో యూపీఐ వచ్చాక ముందుగానే డబ్బు పంపడం సులువైంది గాని, 'పేమెంట్ స్క్రీన్‌షాట్' అనే కొత్త ప్రమాణం కూడా పుట్టింది. బొమ్మను మార్చడం తెలిసినవారు ఉన్న లోకంలో స్క్రీన్‌షాట్ ప్రమాణాభాసమే, అంటే ప్రమాణంలా కనిపించేదే గాని ప్రమాణం కాదు. ఖాతాలో జమ చూసుకొన్నాకే కొరియర్ ఆఫీసుకు బయల్దేరాలన్నది సిద్ధాంతం.

ప్రమాణ విచారం

ఒక వస్తువును తెలుసుకోవడానికి నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు సాధనాలు ఒప్పుకొన్నారు. ఈ శాస్త్రంలో నాలుగూ ఉన్నాయి. ఫోటో ఉపమానం, ఈ చీర ఇటువంటిదని మాత్రమే అది చెబుతుంది, దీపం వెలుగును బట్టి వంగపండు రంగు నేరేడు రంగు అవుతుంది. "క్వాలిటీకి నాది గ్యారంటీ అక్కా" అన్నది శబ్దం, అంటే ఆప్తవాక్యం. ధర అనుమానం: పొగను బట్టి నిప్పును ఊహించినట్టే, 1,250ను బట్టి పట్టు కాదని ఊహించాలి, ఆ ధరకు నిండు పట్టుచీర వస్తుందనుకోవడం హేతుదోషం.

'ఓపెనింగ్ వీడియో' ఒక్కటే ప్రత్యక్షం. సీలు విప్పని పొట్లాన్ని, పైన అంటించిన చిరునామాతో సహా, మధ్యలో ఎక్కడా ఆపకుండా విప్పుతూ తీసిన దృశ్యమని దాని లక్షణం. 'ఆపకుండా' అన్న మాట తీసేస్తే లక్షణానికి అతివ్యాప్తి దోషం పడుతుంది. ముందే విప్పి, చిరుగు చేసి, మళ్లీ మడిచి తీసినదీ అందులో చేరుతుంది. ప్రత్యక్షం చేతికి వచ్చాక పట్టు సంగతిని నిప్పు తేలుస్తుంది: కొంగు కుచ్చులోంచి తీసిన ఒక పోగును కాలిస్తే పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడి అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసగా మిగులుతుంది.

ఆక్షేపం, సమాధానం

'నో రిటర్న్ నో ఎక్స్‌ఛేంజ్' అని మూలమే శాసించింది కదా, ఇక వెనక్కి తీసుకోవడమన్న మాట ఎక్కడిదని పూర్వపక్షం. ఈ మూలానికంటే బలమైన శాస్త్రం వేరొకటి ఉందని సమాధానం. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆన్‌లైన్ విపణుల్లో అమ్మేవారు లోపమున్న సరుకును గాని, నకిలీని గాని, ప్రకటించిన లక్షణాలు లేనిదాన్ని గాని వెనక్కి తీసుకోమని నిరాకరించడానికి వీల్లేదు. క్రమబద్ధమైన వ్యాపారంగా కాక వ్యక్తిగతంగా ఎప్పుడో ఒకటి అమ్ముకొనేవారికి ఆ నియమాలు వర్తించవు. అయితే రోజూ ఉదయం పది గంటలకు ఇరవై బొమ్మలు పెట్టేవారు 'ఎప్పుడో ఒకటి' అన్న లక్షణంలోకి రారు. కనుక 'మనసు మారితే తీసుకోము' అన్నంతవరకే ఆ వాక్యానికి అర్థం చెప్పుకోవాలి. 'చిరిగినా తీసుకోము' అన్న అర్థం శాస్త్ర విరుద్ధం.

ఇంటి వ్యాపారానికి పన్ను నమోదు ఎందుకని మరో ఆక్షేపం. ఒక రాష్ట్రంలోపలే సరుకు అమ్మేవారికి ఏటి అమ్మకం ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి అన్నది నిజమే. కాని రాష్ట్రం దాటి అమ్మితే, కొన్ని హస్తకళా వస్తువులకున్న మినహాయింపులు తప్ప, ఆ పరిమితి వర్తించదు. రాష్ట్రం రెండుగా విడిపోయిన 2014 జూన్ 2కు ముందు ఖమ్మం నుంచి విజయవాడకు వెళ్లిన చీర ఒకే రాష్ట్రంలో తిరిగింది. ఆ తరువాత అదే బస్సులో వెళ్లే అదే చీర అంతర్రాష్ట్ర వాణిజ్యం. ఈ సూక్ష్మాన్ని ఒక లెక్కల మనిషిని అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

'రీసెల్లర్స్ మోస్ట్ వెల్‌కమ్'

ఈ చివరి పదంలోనే శాస్త్ర రహస్యమంతా ఉంది. సూత్రానికి భాష్యం, భాష్యానికి వార్తికం, దానికి టీక, టీకకు టిప్పణి పుట్టినట్టే, సూరత్ ధరకు టోకు వర్తకుడు, ఆయన ధరకు గ్రూపు అడ్మిన్, ఆమె ధరకు రీసెల్లర్, ఆ రీసెల్లర్ ధరకు ఆమె తోటికోడలు ఒక్కొక్కరూ కొంత చేరుస్తారు. వ్యాఖ్య పెరిగేకొద్దీ గ్రంథం లావెక్కుతుంది, మూలం మాత్రం అదే. చీర నేరుగా టోకు వర్తకుడి దగ్గరనుంచే బయల్దేరినా, పొట్లం మీద 'ఫ్రమ్' దగ్గర చివరి రీసెల్లర్ పేరే ఉంటుంది. ఉన్నదాన్ని దాచి మరొకటి చెప్పే ఈ అలంకారాన్ని అపహ్నుతి అంటారు. దీనివల్ల ఒక చిక్కు ఉంది: చీర రంగు పోతే నిందా ఆ పేరుకే వస్తుంది. తాను ముట్టుకోని చీరకు ఆమె పూచీ పడుతోంది.

తాత్పర్యం

1,250కి అమ్మిన చీర 950కి వచ్చిందనుకొంటే తేడా 300. అందులో కొరియర్‌కు 90, కవరుకూ టేపుకూ 10 పోతే మిగిలేది 200. రోజుకు రెండు అమ్ముడుపోతే 400. ఆ రెండింటి కోసం బొమ్మలు ఏరడం, ధర మార్చి రాయడం, "వేరే కలర్ ఉందా", "లాస్ట్ ఎంత" అన్న ప్రశ్నలకు వంట మధ్యలో జవాబులివ్వడం, చిరునామాలు రాయడం, కొరియర్ ఆఫీసుకు వెళ్లి రావడం కలిసి మూడు గంటలు పట్టిందనుకొంటే గంటకు 133 రూపాయలు. ఒక్క చీర లోపంతో వెనక్కి వచ్చి, టోకు వర్తకుడు చేతులెత్తేసి, దాన్ని 700కు వదిలించుకోవలసి వస్తే 250, రానుపోను కొరియర్‌కు 180, మొత్తం 430 పోతుంది; అంటే ఒక దినం ఆర్జించినదానికంటే ఎక్కువ. దీన్ని ఎవరూ లెక్క రాయరు. ఇంట్లోవారు "ఖాళీగా ఉండకుండా ఏదో చేస్తోంది" అంటారు, ఆమె కూడా అదే అంటుంది.

అర్థం పూర్తి కావడానికి మూలంలో లేని మాటను తెచ్చి చేర్చుకోవడాన్ని వ్యాఖ్యాతలు అధ్యాహారం అంటారు. పై మూలంలో చీర ఉంది, ధర ఉంది, కొరియర్ ఉంది, వీడియో ఉంది, రానున్న రీసెల్లర్లకు స్వాగతం కూడా ఉంది. లేనిది 'కూలి' అన్న మాట. ధర అన్న పదం దగ్గర దాన్ని అధ్యాహారం చేసుకొంటే గాని ఈ వాక్యానికి అన్వయం కుదరదు. అవతారికలో చెప్పిన నియమభంగం ఈ ఒక్క మాట కోసమే.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను చదివిన కొనుగోలుదారు రాత్రి పదకొండు గంటలకు "లాస్ట్ ఎంత" అని అడగడం మానుకొంటుంది. చీర అందిన వెంటనే "అందింది, బాగుంది" అనో, "ఇక్కడ పోగు లేచింది" అనో ఒక్క మాట రాస్తుంది. అమ్మే ఇల్లాలు 'ప్యూర్' పక్కన 'లాంటి'ని రాలిపోనివ్వదు, ఎందుకంటే ఆ నంబరు మీద నమ్మకమే ఆమె దుకాణం. ఆమె చేయవలసింది మరొకటి ఉంది: పాల లెక్క రాసుకొనే నోటుబుక్కులోనే ఒక పేజీ తీసి, రెండు చీరలు అమ్మిన రోజున 400 అని రాసి, దాని ఎదురుగా మూడు గంటలు అని రాసుకోవాలి.