గోతుల తీర్థయాత్ర

వర్షాలు వెనకబట్టగానే విశాఖ నుంచీ, హైదరాబాదు నుంచీ మా వైపు ఒక కొత్త భక్తబృందం బయల్దేరుతోంది. వీళ్లకి అరసవల్లి అక్కర్లేదు, శ్రీకూర్మం అక్కర్లేదు. గోతులు కావాలి. ఫోర్ బై ఫోర్ బళ్లలో పదహారో నంబరు జాతీయ రహదారి మీద నున్నగా జారుకుంటూ వచ్చి, కోటబొమ్మాళిలో టీకి ఆగి, కొండల్లోకి బాగా పాడైన రోడ్డు ఎటని వాకబు చేస్తారు. టీకొట్టు ఆసామి తను వినడంలోనే తేడా వచ్చిందనుకుంటాడు. "ఏటి బాబూ, బాగున్న రోడ్డా?" కాదు, పాడైందే. "అలగైతే ఎటెల్లినా పర్లేదు బాబూ!"

వాళ్లు వెళ్లేది టెక్కలి, మెళియాపుట్టి, పాతపట్నం, హిరమండలం మీదుగా సీతంపేట ఏజెన్సీకి. దాని పేరు 'ఆటమ్ డ్రైవ్'. అక్టోబరులో అమెరికా అడవులు ఎర్రబడటం ఫోన్లో చూసి వచ్చిన కళ్లకి ఇక్కడి కొండలు ఇంకా పచ్చగా కనబడేసరికి ప్రాణం ఉసూరుమంటుంది. ఏం చేస్తాం, మా అడవి ఆకు రాల్చేది శివరాత్రి రోజుల్లో. ఆశ్వయుజంలో మాకు ఆకులు రాలవు, చెట్లకి చెట్లే రాలతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను. ఏడాది తిరిగి సరిగ్గా అదే తేదీకి హుద్‌హుద్. 2018లో దసరా వారం రోజులుందనగా, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరినీ, జీడితోటల్నీ పడుకోబెట్టేసింది. 2021 సెప్టెంబరులో గులాబ్. మా శరత్తు అందం చూడాలంటే బండి చాలదు, చెట్లు కోసే రంపం కూడా వెంట ఉండాలి.

పోనీ, సరదాకి వచ్చారు, తిరిగి వెళ్తారు. మెట్టుగూడ జలపాతంలో తడవనీ, ఆడలి కొండ మీద ఫొటోలు దిగనీ, ఎవరికి నష్టం? నా పేచీ వాళ్లు వెళ్తూ వెళ్తూ ఇచ్చే తీర్పుతో. "ఇక్కడ తారు వెయ్యకూడదండీ, సహజత్వం పోతుంది." ఈ మాట అనే పెద్దమనిషి హైదరాబాదులో తన వీధిలో ఒక్క గుంట పడితే మున్సిపాలిటీకి మూడు ఫిర్యాదులు పెడతాడు. ఆ సహజత్వం మీదుగానే సవర ఆడవాళ్లు సీతాఫలాల గంపలు నెత్తిన పెట్టుకుని సీతంపేట సంతకి దిగుతారు. గతుకులకి మురిసిపోయి డీజిలు తగలేసిన మనిషే, గంప దగ్గరకొచ్చేసరికి పది రూపాయలు తగ్గించమని గీచిగీచి బేరమాడతాడు.

2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం 'అడవితల్లి బాట' అని గిరిజన గూడేలకి రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. అది పూర్తయితే వీళ్ల మనోభావాలు దెబ్బతింటాయేమో, ముందే ఓదార్చి ఉంచాలి.

అయినా ఇంత ముచ్చటపడుతున్నారు కనక ఒక మనవి. బండి కింద ఆపి పైకి నడవండి. రోడ్డు లేని గూడెంలో పురిటినొప్పులు మొదలైతే అంబులెన్సు దాకా డోలీయే గతి. ఒక వెదురుబొంగు, దానికి కట్టిన దుప్పటి, మోసేవాళ్లు ఇద్దరు, భుజం మార్చుకోడానికి వెనక మరో ఇద్దరు. నిఖార్సయిన ఫోర్ బై ఫోర్ అంటే అదీ. డీజిలు అక్కర్లేదు, ఎంత గతుకుకైనా అడుగు తగలదు, భుజాల ఖాళీ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.