ఊరికి పనికొచ్చిన సత్తువ

మా మనవడు జిమ్ముకి వెళ్తాడు. నెలనెలా డబ్బు కడతాడు, పాలల్లో ఏదో పొడి కలుపుకు తాగుతాడు, అద్దం ముందు నిలబడి ఫోటో తీసుకుంటాడు. కండలు బాగా వచ్చాయి, కాదనను. మొన్న కోతలప్పుడు కళ్లంలో 80 కిలోల ధాన్యం బస్తాకి ఓ చెయ్యి వెయ్యరా అంటే, నడుం పట్టేస్తుంది తాతా అన్నాడు. మరి ఆ కండలు ఎందుకు?

మా రోజుల్లో సంక్రాంతికి రామమందిరం ముందు సంగిడి రాళ్లు ఎత్తేవారు. ఎత్తినవాడికి ఊళ్లో పేరొచ్చేది, పేరుతోపాటే పనీ మీద పడేది. బండి బురదలో దిగబడినా, గొడ్డు నూతిలో పడినా, పురిటినొప్పుల మనిషిని మంచం మీద ఏరు దాటించాలన్నా మొదట వాడి గుమ్మానికే వెళ్లేవాళ్లం. అర్ధరాత్రి పిలిచినా తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చేవాడు. ఒక్కడి ఒంట్లో ఉన్నా ఆ సత్తువ ఊరందరిదీ.

మా శ్రీకాకుళం వైపు బలానికి కొరత ఎప్పుడూ లేదు. ఏనుగుని రొమ్ము మీద నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలోనే పుట్టాడు. మాంసం ముట్టని మనిషి! ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. ఆడపిల్లకి బరువులేమిటని నలుగురూ అనే కాలంలో ఆమె వెనక తల్లి నిలబడింది. నా లెక్కలో ఆ తల్లి దన్ను కూడా బలమే, 240 కిలోలకి ఏమాత్రం తీసిపోదు.

ఇప్పటి పిల్లల్లో సత్తువ లేదని నేను అనను. 2018లో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చినప్పుడు కళ్లారా చూశాను. ఎవరూ చెప్పకుండానే కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టి దారికి అడ్డంపడిన చెట్లు నరికారు, ముసలివాళ్లకి నీళ్లు మోశారు. నా ఏడుపల్లా తుఫాను లేని రోజుల గురించే. మా పక్కింటి ముసలమ్మ ఒంటరిది. వీధిలో ఇంతమంది కండలవాళ్లుండగా, గ్యాస్ బండ వంటింట్లోకి చేర్చడానికి తెచ్చినవాడికే ఆవిడ పైన ఇరవై రూపాయలు ఇచ్చుకుంటోంది.