బొటనవేలికి మూడు కుట్లు

జింకను కొట్టింది నేను కాదు, మా పక్కింటాయన. పెన్సిల్వేనియాలో థాంక్స్‌గివింగ్ వెళ్ళిన శనివారం తుపాకులతో జింకల వేట సీజన్ మొదలవుతుంది. సాయంత్రానికి గరాజులో ఒక తెల్లతోక జింకను వేలాడదీసి, "తోలు ఒలవడానికి సాయం వస్తావా?" అని పిలిచాడు. ఈ పిలుపు కోసమే నెల క్రితం కత్తి కొని కూర్చున్నాను. బ్లేడ్లు మార్చుకునే రకం. ఆపరేషన్ థియేటర్ బ్లేడుకి పెద్దన్నలా ఉంటుంది. మొద్దుబారితే సాన పట్టే పని లేదు, పీకి పారేసి కొత్తది తగిలించడమే.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ పెదవి విరిచింది. "నలభై ఏళ్ళుగా నాకు ఒకటే కత్తిపీట. నీకు పూటకో బ్లేడా?"

అమ్మ మాటలో పాయింటుంది. కత్తిపీట కదలదు, వంకాయే దాని దగ్గరికి వెళుతుంది. ఇక్కడ కత్తీ కదులుతుంది, చెయ్యీ కదులుతుంది, వేలాడే జింకా ఊగుతుంది. ముగ్గురూ ఎక్కడ కలుసుకుంటారో చెప్పలేం.

పక్కింటాయన నా ఎడమ చేతికి ఏ4 రకం గ్లౌజు తొడిగాడు. కోత పరీక్షలో 1500 గ్రాముల బరువుతో బ్లేడు లాగినా ఓర్చుకునే రకం. అదీ కోతకే సుమా, పోటుకి కాదు. మొన అల్లిక సందులోంచి దూరిపోతుంది. "కీళ్ళ దగ్గర మెలితిప్పకు. బ్లేడు పుటుక్కున విరిగితే ఆ ముక్క మళ్ళీ కనబడేది నీ కూరలోనే" అన్నాడు. బుద్ధిగా విన్నాను. రెండు గంటలు ఒలిచినా చేతిమీద గీత పడలేదు.

అప్పుడు బ్లేడు మొద్దుబారింది.

గ్లౌజుతో పట్టు దొరక్క విప్పేశాను. కొవ్వు పట్టిన బ్లేడు అడుగుని గోటితో కాస్త పైకెత్తి, బొటనవేలితో ముందుకు తోశాను. రాలేదు. ఇంకాస్త తోశాను. వచ్చింది. ముందు టిక్కుమన్న చప్పుడు, తర్వాత రక్తం, ఆ తర్వాతెప్పటికో నొప్పి. మొద్దుబారిందని నేననుకున్న బ్లేడు పదును అది!

ఎమర్జెన్సీలో నర్సు ఏం జరిగిందని కూడా అడగలేదు. "జింకేనా?" అంది. మూడు కుట్లు పడ్డాయి. ఇంటికొచ్చాక మా ఆవిడ, "ఉల్లిపాయలు తరగమంటే చేతులు ఖాళీ లేవంటారు కదండీ!" అంది.

బ్లేడును పట్టకారుతో పట్టుకుని, పదును అవతలికి తిప్పి పీకాలి. నా కత్తి పెట్టెలో బ్లేడ్లు డజను ఇచ్చారు గానీ పట్టకారు ఇవ్వలేదు. మీరు కొంటే అదీ కొనుక్కోండి.