కమ్మని హత్యకు నాలుగు స్టార్లు

హత్య అనే మొరటు పనికి మర్యాద నేర్పిన ఘనత ముమ్మాటికీ కోజీ మిస్టరీ నవలలదే. వాటిలో నెత్తురు గుమ్మం దాటి బయటికి రాదు. బూతు మాట వినపడదు. శవం కూడా పద్ధతి తెలిసిన శవం. కేకు పొయ్యి మీంచి దిగి, అతిథులు కుదురుగా కూర్చున్నాకే కనబడుతుంది. పోయినవాడు ఎప్పుడూ ఊళ్లో ఎవరికీ పడనివాడే కాబట్టి ఏడ్చేవాళ్ల గోల ఉండదు. ఒకవేళ పెళ్లాంబిడ్డలున్నా మూడో అధ్యాయానికల్లా వాళ్లు అనుమానితుల జాబితాలో చేరిపోతారు గనక ఏడ్చే తీరిక వాళ్లకూ ఉండదు. మనమైతే ఇంట్లో మనిషి పోతే పెద్దకర్మ దాకా తేరుకోలేం. అక్కడ పోయిన రోజు సాయంత్రమే టీ, బిస్కెట్లు, ఊరి కబుర్లు. దుఃఖాన్ని ఇంత పొదుపుగా వాడే జాతి మరొకటి లేదు.

ఇలాంటి నవలలకు మా పాడేరు మన్యం చలి అచ్చంగా అతుకుతుంది. కార్తీకం దాటిందంటే పొద్దున్నే మంచులో ఎదురిల్లు కూడా ఆనదు. సెలవు రోజున, కొండ కింద నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తులు రగ్గు కప్పుకుని, పక్కన కాఫీ పెట్టుకుని, ఫోనులో ఎక్కడిదో ఇంగ్లండు పల్లెటూరు తెరుస్తారు. ఉత్తినే చదివి ఊరుకోరు, స్టార్లు వేస్తారు. పదో తరగతి పేపర్లు దిద్దేటప్పుడు కూడా అంత నిష్ఠ చూడలేదు నేను. మా వీధిలో ఒక మేడమ్ గారు ఈ విద్యలో ఆరితేరారు. పోయిన చలికాలం ఆవిడను పలకరించాను.

"ఏం మేడమ్, పుస్తకం ఎలా ఉంది?"

"బాగానే ఉంది మాస్టారూ. కాకపోతే రెండు స్టార్లు తగ్గించేశాను. పిల్లి మూడు చోట్లే కనబడింది."

"మరి హంతకుడో?"

"ఎవడో ఒకడు లెండి. చివర్లో నిమ్మకాయ కేకు చేసే విధానం ఇచ్చారు చూడండి, అందులో పంచదార కొలత తప్పు. దానికి ఇంకో స్టారు తీసేయాల్సింది, జాలిపడి వదిలేశాను."

ఇంత సూక్ష్మదృష్టి మన సెషన్సు కోర్టులకు ఎప్పటికి అబ్బుతుందో! పిల్లి సంగతి ఆవిడ ఊరికే అనలేదు. 1966లో లిలియన్ జాక్సన్ బ్రౌన్ అనే అమెరికా రచయిత్రి ఒక సయామీ పిల్లి చేత ఆధారాలు పట్టించింది మొదలు, కోజీలో పిల్లికి పీట పడింది. రీటా మే బ్రౌన్ ఇంకో అడుగు ముందుకేసి 1990లో తన పెంపుడు పిల్లి స్నీకీ పై బ్రౌన్ పేరును అట్ట మీద సహరచయితగా వేయించింది. మన దగ్గర పుస్తకం వేసుకోవడానికి కవులు ఇల్లు తాకట్టు పెట్టుకుంటున్నారు. అక్కడ పిల్లి దర్జాగా అచ్చెక్కింది. ఇక బహుమతుల మాట. అమెరికాలోని మేరీల్యాండులో 1989లో మొదలైన 'మాలిస్ డొమెస్టిక్' అనే సభ ఉంది. అందులో ఉత్తమ రచనకు అగాథా క్రిస్టీ పేరు మీద ఇచ్చే జ్ఞాపిక ఏమిటో తెలుసా? టీ పోసుకునే కెటిలు. చంపినందుకు ఉరిశిక్ష, చంపించినందుకు టీ కెటిలు. ఎవరి కష్టానికి తగ్గ ఫలం వాళ్లకు.

మన పాతవాళ్లకు ఈ నాజూకుతనం ఏదీ? కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించాడు. మద్రాసులో ఆఫీసు, అసిస్టెంటు రాజు, అవతల ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. యుగంధర్ అదే వృత్తిగా బతికినవాడు, కేసు ఒప్పుకుంటే ఒళ్లొంచి పనిచేసేవాడు. 'చావు కేక' అని పుస్తకానికి పేరు పెడితే లోపల నిజంగానే చావు, నిజంగానే కేక. చదివినవాడికి రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే తోడు కావలసి వచ్చేది. మొరటు కాలం. స్టార్లు కూడా ఉండేవి కావు. అద్దె పుస్తకాల షాపులో అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి, అంచులు నల్లబడ్డ పుస్తకం బాగుందని అర్థం, తళతళలాడుతోందంటే ఎవడూ ముట్టుకోలేదని అర్థం. విమర్శకులూ ఉండేవారు. మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసి పుణ్యం కట్టుకునేవారు. ఎంత నిర్మొహమాటమైన సమీక్షో, అంత సంక్షిప్తం.

కాఫీ తాగేవాళ్ల కోసం కాఫీ కోజీలు వేరే ఉన్నాయి. క్లియో కాయిల్ అనే కలం పేరుతో భార్యాభర్తలిద్దరు 2003 నుంచి రాస్తున్న వరసలో న్యూయార్కులో ఒక కాఫీకొట్టు, దాన్ని నడిపే క్లేర్ కోజీ (ఇంటిపేరే అది), మంచి గింజ కోసం దేశాలు పట్టుకు తిరిగే ఆమె మాజీ మొగుడు. ఇరవై దాకా పుస్తకాలొచ్చాయి, కొట్టు మూతపడలేదు. ఇన్ని చావులు చూసిన హోటల్లో మా ఊరివాళ్లు మంచినీళ్లు కూడా తాగరు! ఆ కాఫీ రంగు, వాసన, పులుపు, చివర నాలుక మీద మిగిలే చాక్లెట్ రుచి, అన్నీ వర్ణిస్తారు. కోసినవాళ్ల వర్ణన కోసం వెతికితే అది మీ అత్యాశ. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య, నవంబరు నుంచి పండు పండిందల్లా ఏరి, వీపున బిడ్డతో వాలు దిగే ఆడమనిషి కథలోకి వస్తే చలికాలపు హాయి చెడుతుంది కదా. మా అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ప్యారిస్‌లో అరకు పేరు మీద కొట్టు తెరిచారు. గింజ అంత దూరం వెళ్లగలిగింది గాని కోజీ నవలలోకి మాత్రం కప్పు రూపంలోనే ప్రవేశం.

ఇప్పుడు అసలు దేవతను స్తుతించాలి, ఔత్సాహిక పరిశోధకురాలిని. ఆమెకు లైసెన్సు లేదు, జీతం లేదు, వారంటు లేదు, సిగ్గు లేదు. దినం భోజనాల్లో విధవరాలి పక్కన కూర్చుని "మీకు ఆస్తి ఎంత వస్తోందమ్మా?" అని అడగగలదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్లి బీరువా వెతకగలదు. వీటినే మనం చేస్తే సెక్షన్లు పడతాయి, ఆమె చేస్తే అధ్యాయాలు పడతాయి. ఇన్‌స్పెక్టరు తరచుగా ఆమెకు కాబోయే మొగుడే అవుతాడు గనక పోస్టుమార్టం రిపోర్టు రాత్రి భోజనాల దగ్గరే చేతికొస్తుంది. ముందు ముగ్గురిని తప్పుగా అనుమానిస్తుంది, ఫర్వాలేదు, వాళ్లు మర్నాడు మళ్లీ ఆమె దుకాణానికే వచ్చి బన్ను కొనుక్కుంటారు. అనుమానానికి ఆ ఊళ్లో ఖరీదు లేదు. ఎవరి మీదైనా పడొచ్చు, దులుపుకుంటే పోతుంది.

టీవీలో ఈ ఔత్సాహిక పరిశోధకులకు మహారాణి జెస్సికా ఫ్లెచర్. 1984 నుంచి 1996 దాకా పన్నెండేళ్లు, 264 భాగాలు. కాబట్ కోవ్ అనే చిన్న సముద్రతీరపు ఊరు. మొగుడు పోయాడు, ఒక్కతే ఉంటుంది, అందరి గుట్టూ తెలుసు. ఆమె ఎక్కడ అడుగు పెడితే అక్కడ ఒకడు పోతాడు. పెళ్లికి వెళ్తే పెళ్లింట్లో, చుట్టాల ఇంటికి వెళ్తే చుట్టాల ఇంట్లో. ఆమెకన్నా ముందు, 1930లో నవలకెక్కిన మిస్ మార్పుల్ కూడా అంతే. పెళ్లిలేని ముసలావిడ, తోటపని, అల్లికసూదులు, కిటికీలోంచి వీధి మీద కన్ను. ఇన్ని చావుల దగ్గర ఒకే మనిషి ఎందుకు కనబడుతోందని ఆ ఊళ్లలో ఒక్కరైనా అడగరు. ఎంత సంస్కారం!

మన్యంలో ఆ మాట అడిగేవాళ్లున్నారు. అదే మా వెనకబాటు. ఒక్కతే ఉండే ముసలమ్మ, మొగుడు లేడు, ఆకులు, వేళ్లు తెలుసు, ఎవరితోనో గట్టు తగాదా ఉంది. ఆ వాడలో జ్వరంతో ఒకరు పోయారు, నెల తిరక్కుండా ఇంకొకరు. అప్పుడు ఔత్సాహిక పరిశోధకులు బయల్దేరతారు. లైసెన్సు లేదు, వారంటు లేదు, ఆధారం కూడా లేదు. ఎవరో మంత్రం తెలిసినవాడు ఒక పేరు పలుకుతాడు. చిల్లంగి పెట్టింది, చేతబడి చేసింది అంటారు. తర్వాత ఏం జరుగుతుందో జిల్లా పేజీల్లో మూలన చిన్న వార్తగా చాలాసార్లు చదివాం. ముసలమ్మే కానక్కర్లేదు, మగవాళ్లూ బలయ్యారు. పక్కనున్న ఒడిశా ఇలాంటివాటి కోసం 2013లో ప్రత్యేక చట్టమే చేసుకుంది. కోజీ లక్షణాలతో సరిచూడండి: చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు, పాతపగ ఉంది, పరిశోధన ఊరివాళ్లదే, పోలీసులు ఆఖరున వచ్చారు. అన్నీ కుదిరాయి. పేరు ఒక్కటే తప్పు. కాబట్ కోవ్‌లో కాబట్టి జెస్సికా ఫ్లెచర్ 264 భాగాల తర్వాత కూడా నవ్వుతూ టీ పోసింది. ఇక్కడ పుట్టి ఉంటే రెండో చావుకే ఆమె కథ ముగిసేది.

జ్వరంతో పోయినవాడు ఎందుకు పోయాడో చెప్పడానికి ఒక డాక్టరు ఉంటే చిల్లంగికి చోటెక్కడిది? కోజీలో పల్లెకొక డాక్టరు శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "రాత్రి తొమ్మిదికీ పదికీ మధ్య" అని వాచీ చూసినట్టు చెప్పేస్తాడు. మా దగ్గర బతికున్న రోగినే డోలీ కట్టి, గెడ్డలు దాటించి రోడ్డెక్కించాలి. పాడేరులో వైద్య కళాశాల 2024లో, 50 సీట్లతో మొదలైంది. సంతోషమే. ఇంతకాలమూ చావుకు కారణం చెప్పే ఉద్యోగం ఖాళీగా ఉంది గనక ఔత్సాహికులు భర్తీ చేశారు.

లండన్‌లో 1930లో పుట్టిన డిటెక్షన్ క్లబ్బు సభ్యులతో ఒక ప్రమాణం చేయించేవారు. నేరం బయటపెట్టడానికి దైవవాణి మీద, ఆడవాళ్లకు కలిగే అంతర్‌జ్ఞానం మీద, మంత్రతంత్రాల మీద, కాకతాళీయం మీద ఆధారపడబోమని. చెస్టర్టన్ తొలి అధ్యక్షుడు, క్రిస్టీ సభ్యురాలు. గుప్పెడు మంది కథలల్లేవాళ్లు, కాగితం మీది మనిషిని కాగితం మీద ఉరితీయడానికి కూడా ఆధారం చూపాలని కట్టుబడ్డారు. పాపం, చాదస్తులు. వాళ్ల మనవరాళ్లు ఆ బరువు దించేశారు. ఇప్పుడు బేకరీ నాయికకు "మనసు ఏదో కీడు శంకించింది" అంటే చాలు, పదిహేను పేజీలు నడుస్తాయి. మనసు శంకించినవాడే చివరికి దొంగవుతాడు. ఆ మనసు మా కొండల్లోకి వచ్చినప్పుడు అంత గురి తప్పకుండా ఉంటే బాగుండేది.

ఇక ఆఖరి అధ్యాయం. కోజీకి అదే ప్రాణం. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్క ముడీ విప్పి, హంతకుణ్ణి చూపిస్తారు. అతడూ మర్యాదస్థుడే, వెంటనే ఒప్పేసుకుంటాడు. పాడేరుకు అవతల జి.మాడుగుల మండలంలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టులో అక్కడి పదకొండు మంది కోందు స్త్రీలు, కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో తీర్పు వచ్చింది. విచారణ ఎదుర్కొన్న పోలీసులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టు దర్యాప్తు అధికారులనే తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదిహేనేళ్లు దాటిన కథ, ముడి విప్పేవాడు రాలేదు, ఒప్పుకున్నవాడు లేడు. స్టార్లు వేసే మా మిత్రులకు ఇది చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు. "సాగదీశారండీ. ముగింపు కుదరలేదు." వాళ్ల తప్పేమీ లేదు. మూడొందల పేజీల్లో న్యాయం జరగడం అలవాటైన ప్రాణాలు.

రేపో మాపో ఎవరో మా వంజంగి కొండ మబ్బుల మీద కూడా ఒక కోజీ రాస్తారు. హోమ్‌స్టే యజమానురాలు నాయిక, మంచులో ఒక శవం, అది మైదానం నుంచి వచ్చిన పర్యాటకుడిదే అయి ఉండాలి, గిరిజనుడిదైతే ఎవరు చేశారన్న ఆసక్తి పుట్టదు. రాగి జావ చేసే విధానం చివర్లో. పాడేరు మోదకొండమ్మ జాతర రోజున హంతకుడు దొరుకుతాడు. మా మేడమ్ గారు రాగి పిండి కొలతలు చూసి ఒక స్టారు తగ్గిస్తారు.

నేను మాత్రం తగ్గించను. ఈ సాహిత్యమంతటికీ ఐదుకు ఐదు. ఇన్ని వేల హత్యల్లో పోయినవాళ్ల తరఫున ఒక్క ఫిర్యాదూ రాలేదు.