ఇంజినీరింగ్ ప్రవేశాల కన్వీనర్ గారికి ఒక హన్మకొండ తండ్రి మనవి

మహారాజశ్రీ ఇంజినీరింగ్ ప్రవేశాల కన్వీనర్ గారి దివ్య సముఖమునకు,

విషయం: ఒకే పప్పును ఐదు గిన్నెల్లో పోసి, ఏది కావాలో ఎంచుకోమనుట గురించి.

సూచిక: 1. డల్లాస్ నుంచి మా షడ్డకుని వాట్సాప్ వాయిస్ మెసేజీ. 2. ఎదురింటి అబ్బాయి ప్యాకేజీపై మా వాడకట్టులో వినవస్తున్న మాట.

ఆర్యా,

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా, మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ పాసై, ఎప్‌సెట్‌లో (మా ఇంట్లో ఇంకా ఎంసెట్ అనే అంటాం) ర్యాంకు తెచ్చుకుని, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ముగించుకుని, వెబ్ ఆప్షన్ల దగ్గర ఆగింది. నిజానికి ఆగింది తను కాదు, మేం. మాన్యువల్ ఆప్షన్ ఫారం వంటింటి గట్టు మీద పరిచి, పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాస్తుంటే ఏడో వరుస దగ్గర కాగితానికి చిల్లు పడింది. సీఎస్‌ఈ ఒకటి. దాని పక్కన సీఎస్‌ఎం, అంటే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, మెషీన్ లెర్నింగ్. సీఎస్‌డీ అంటే డేటా సైన్స్. సీఎస్‌సీ అంటే సైబర్ సెక్యూరిటీ. సీఎస్‌ఓ అంటే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్. కోడ్లన్నీ మా ఆవిడకు కంఠతా వచ్చాయి. నిన్న సరుకుల చీటీలో చింతపండు కింద సీఎస్‌డీ అని రాసింది.

మా షడ్డకుడు సీఎస్‌ఎం తప్ప వేరే మాట వినడు. మా బామ్మర్దిది సైబర్ సెక్యూరిటీ పార్టీ. ఆయన బ్యాంకు ఖాతాలోంచి ఆ మధ్య ఎవరో డబ్బులు లాగేశారు, అదీ కారణం. బిడ్డను అడిగితే "మీ ఇష్టం డాడీ" అంటుంది. ఆ మాటకు అర్థం ఏమిటో ఆడపిల్లల తండ్రులందరికీ తెలుసు.

చివరికి ఇంజినీరింగ్ త్రీ-వన్ (మూడో ఏడు, మొదటి సెమిస్టర్) చదువుతున్న మా వీధి అమ్మాయిని పిలిచి అడిగాను. "ఫస్టియర్ల అందరికీ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగే అంకుల్. సెకండియర్ల డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ కూడా దాదాపు అందరం చదివినం. అసలు తేడా ఇప్పుడిప్పుడే మొదలైతాంది" అంది. నోట మాట రాలేదు. మూడో ఏట ఎలక్టివ్‌లుగా ఎంచుకోదగ్గ వాటిని, పదిహేడేళ్ల పిల్ల కాలేజీ గేటు కూడా చూడకముందే, గడువు తేదీలోగా ఎంచుకోవాలట!

పేర్లు ఎందుకిన్ని పుట్టాయో నాకూ కొంత తెలుసు. ఒక బ్రాంచికి ఇన్ని సీట్లే అని గరిష్ఠ పరిమితి ఉన్న కాలంలో, కొత్త పేరుంటే కొత్త సెక్షన్ వచ్చేది. మంచి పనితీరున్న కాలేజీలకు 2024-25 నుంచి ఏఐసీటీఈ ఆ పరిమితి ఎత్తేసింది. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. బోర్డు ఒకసారి రాయించాక మనవాళ్లు తీసేయరు కదా.

మాది ఏ ఊరో కూడా తమరు మరవరాదు. 1959 అక్టోబరు 10న నెహ్రూ గారు స్వయంగా వచ్చి దేశంలోనే మొదటి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి (ఆర్ఈసీకి) శంకుస్థాపన చేసింది వరంగల్‌లోనే. 2002లో అది ఎన్‌ఐటీ అయింది. ఆ సీట్లు తమ చేతిలో లేవు, జేఈఈ దారి వేరు, సరే. అక్కడ సివిల్ పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ పాండురంగారావు గారే రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు కోసం పాటుపడ్డవారిలో ఒకరు. 2021లో అది వచ్చింది. 1213 నాటి గుడి, ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు, పక్కనే ఇప్పటికీ పొలాలకు నీళ్లిచ్చే చెరువు. ఇవన్నీ రేచర్ల రుద్రుడు కట్టించినవి.

మరి ఇప్పుడో? 2020లోనూ 2023లోనూ వానలకు మా హన్మకొండ నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ 2023 జూలైలోనే కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. నాలా సంగతి సివిల్ వాళ్లు చూడాలి, వ్యాగన్ల సంగతి మెకానికల్ వాళ్లు చూడాలి. "సివిల్ పెడదామా బిడ్డా?" అని ఒక్కసారి అన్నాను. నేనేదో పరువు తక్కువ మాట అన్నట్టు తల్లీబిడ్డలిద్దరూ చూశారు. నేను మళ్లీ ఎత్తలేదు.

కాబట్టి తమను కోరేది: ప్రతి కోడ్ పక్కన, ఆ బ్రాంచిలో చదివే సబ్జెక్టుల్లో ఎన్ని సీఎస్‌ఈలో ఉన్నవే, ఎన్ని వేరో రెండు అంకెలు వేయించండి. ఆ వేరే సబ్జెక్టులు చెప్పడానికి పంతులు ఉన్నాడా లేడా అన్నది కూడా. ర్యాంకు 10,000 దాటిన మాలాంటి బీసీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ₹35,000 వరకే. మిగతాది నా జేబులోంచే. కొనే సరుకేమిటో అడిగితే తప్పుగా భావించవద్దు. ఇంకా దయ ఉంటే, సీఎస్‌ఈ అని ఒకటే పెట్టి, మిగతా పేర్లను మూడో ఏటికి వాయిదా వేయించే మార్గం చూడగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆప్షన్లు ఇంకా ఫ్రీజ్ చేయని ఒక తండ్రి

తా.క.: మా షడ్డకుడు ఇప్పుడే ఫోన్ చేశాడు. ఏఐ పాతబడిందట, క్వాంటం పెట్టమంటున్నాడు. దాని కోడ్ ఏమిటో తెలుపగలరు.